జారిపోయే లో గేరుతో నాలుగు రోజులు

పాత జీపులో నాలుగు రోజులు తిరిగి ఇల్లు చేరి రెండు రోజులైంది. గోళ్ల సందుల్లో గ్రీజు ఇంకా పోలేదు. నడుం పట్టేసింది. మరిచిపోకముందే రాసేద్దామని కూర్చున్నాను.

ముందు బండి సంగతి. నాది 1969 మహీంద్రా సీజే 3బీ. ఏడేళ్ల కిందట ఐరాల దగ్గర ఒక మామిడితోపులో కనబడింది. డ్రైవరు సీటులో కోడి పొదుగుతా ఉండేది. అప్పటికి దాని పొట్టలో ట్రాక్టరు జాతి డీజిల్ ఇంజను ఉంది. దాన్ని పీకేసి, మిలిటరీ వేలంలో పోయిన ఒక జీపు తాలూకు పెట్రోలు ఇంజను వెతికి పెట్టించడానికి రెండేళ్లు పట్టింది. ఈ ఇంజను ఒక వింత. పెట్రోలు లోపలికొచ్చే వాల్వులు పైన హెడ్డులో ఉంటాయి, పొగ బయటికి పోయేవి కింద బ్లాకులో పక్కగా ఉంటాయి. అందుకే యుద్ధకాలం జీపు ఇంజను కంటే ఇది ఎత్తు. దీన్ని పట్టించడానికే విల్లీస్ కంపెనీ వాళ్లు బానెట్టు పైకి లేపి 1953లో ఈ మోడల్ తెచ్చారు. అమెరికాలో 1968తో ఆపేశారు. మన దేశంలో ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు తయారైంది.

మా బండికి ఒక జబ్బు. ఈ జీపులో మామూలు గేరు రాడ్డు కాక ఇంకో రెండు చిన్న రాడ్లుంటాయి. ఒకటి ముందు చక్రాలను కలిపేది, రెండోది హై గేరు నుంచి లో గేరుకు, అంటే వేగం తక్కువ, బలం ఎక్కువ ఉండే గేరుకు మార్చేది. ముందు చక్రాలు కలపందే లో పడదు. మా బండిలో లో పడుతుంది, కానీ నిలవదు. ఎత్తులో బరువు పడగానే టక్కుమని న్యూట్రల్లోకి దూకుతుంది. అప్పుడిక ఇంజను ఎంత అరిచినా ఒక్క చక్రమూ తిరగదు.

ఈ రెండు రాడ్లూ కదిపే గేర్లుండే పెట్టెను ట్రాన్స్‌ఫర్ కేసు అంటారు. దాని పళ్లు అరిగాయని మా మెకానిక్ అంటూనే ఉన్నాడు. పుంగనూరులో ఒక గుజిరీ అంగట్లో మంచి ట్రాన్స్‌ఫర్ కేసు ఉందని సంక్రాంతికి ముందు ఫోనొచ్చింది. తిన్నగా పోతే ఒక్క రోజు పని. కానీ బండి పూర్తయ్యాక ఊరు దాటించలేదు, సెలవులున్నాయి, మా మెకానిక్ బాయ్ కూడా ఖాళీగా ఉన్నాడు. తలకోన మీదుగా చుట్టు తిరిగి పోదామన్నాను. బాయ్‌కి అరవై ఆరేళ్లు. నన్ను ‘నాయనా’ అంటాడు, బండిని ‘ముసిల్ది’ అంటాడు.

జనవరి 17, శనివారం: రంగంపేట, భాకరాపేట కనుమ

తెల్లారి ఆరుకు తిరుపతి దాటాం. నలభై ఐదు, యాభై మించి తోలను. ఆపైన స్టీరింగు నా చేతిలో ఉందో నేను స్టీరింగు చేతిలో ఉన్నానో తెలియదు. చంద్రగిరి కోట పక్కన ఆగి ఇడ్లీ తిన్నాం. నాలుగు ఇడ్లీలు, రెండు వడలు, టీలు, ఇద్దరికీ కలిపి నూట ముప్పై.

ఏ.రంగంపేటలో పశువుల పండగ అయిపోయి ఊరు ఇంకా నిద్ర లేవలేదు. ఒక ఇంటి ముందు కోడెగిత్త కట్టేసి ఉంది. కొమ్ములకు రంగు అట్లాగే ఉంది, వాటికి కట్టిన చెక్కపలక మాత్రం లేదు. ఆ పలక పట్టడానికే కుర్రాళ్లు ఎగబడేది. గిత్త పక్కన మోచేతికి కట్టుతో ఒక పిల్లోడు కూర్చున్నాడు. “పట్టినావా?” అన్నాడు బాయ్. “పట్టింటే ఈడ ఎందుకు కూర్చుంటాను?” అన్నాడు వాడు.

కనుమ దారి ఎక్కడం మొదలుపెట్టాక పది గంటల ఎండలో ఇంజను దగ్గింది. రెండుసార్లు ఎగిరి, ఆగిపోయింది. బాయ్ దిగి ఫ్యూయల్ పంపు మీద చెయ్యి పెట్టి వెనక్కి తీసుకున్నాడు. పంపు ఉండేది వేడి పొగగొట్టం వైపే. పెట్రోలొచ్చే గొట్టంలోనే అది మరిగి ఆవిరైతే పంపు ఇక దేన్ని లాగుతుంది? ఇప్పుడు పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది కాబట్టి ఈ బాధ మరీ ఎక్కువ. ఇథనాల్ పెట్రోలును ఇంకా తొందరగా ఆవిరయ్యేలా చేస్తుంది. పైగా పాతకాలపు రబ్బరును తినేస్తుంది, ట్యాంకులో ఎన్నాళ్ల నుంచో పేరుకున్న మడ్డిని కదిపి కార్బురేటర్‌లోకి తోస్తుంది. పాత పెట్రోలు బండి కొనాలనుకునేవాళ్లు గొట్టాలు, పంపు లోపలి డయాఫ్రం ముందే కొత్తవి వేయించుకోండి. రంగు తర్వాత వేసుకోవచ్చు. నేను తిరగేసి చేశాను.

నా తువ్వాలు తడిపి పంపుకు చుట్టి, చెట్టు కింద అరగంట కూర్చున్నాం. కోతులొచ్చి మా పక్కనే బారుగా కూర్చున్నాయి. ఒక కోతి తువ్వాలు లాక్కుపోవడానికి రెండుసార్లు ప్రయత్నించింది. తర్వాత బాయ్ పంపు కింద ఉన్న చిన్న చేతిమీట నాలుగైదుసార్లు నొక్కి, సెల్ఫ్ కొట్టమన్నాడు. అందుకుంది.

కనుమ దాటాక చెక్‌పోస్టులో ఆపారు. శేషాచలం చుట్టుపక్కల పాత జీపు, వెనక టార్పాలిన్, తలకు గుడ్డ చుట్టుకున్న ఇద్దరు మగాళ్లు. వాళ్ల స్థానంలో నేనున్నా ఎర్రచందనమనే అనుకుంటాను. టార్పాలిన్ ఎత్తి చూస్తే జాకీ, రెండు డబ్బాల నీళ్లు, మా ఆవిడ కట్టిచ్చిన అరిసెలు. కుర్ర ఉద్యోగి ఆర్.సి. అడిగాడు. పుట్టిన సంవత్సరం చూసి, “మా నాయన కంటే పెద్దది సార్ ఇది” అన్నాడు. యాభై ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ నంబరు ఇస్తారంట కదా, తీసుకోలేదా అన్నాడు. 2021లో వచ్చిన నిబంధన అది. ఇరవై వేలు ఫీజు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు, పదేళ్ల చెల్లుబాటు. కానీ ఆ నంబరు తీసుకున్నాక ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు తప్ప రోజూ తిప్పకూడదు. నా బండి పాలకూ కూరగాయలకూ కూడా పోతుంది. ఐదేళ్లకోసారి ఎఫ్‌సీ చేయించుకుంటూ మామూలు నంబరుతోనే ఉన్నాను. అంతా విని, రెండు అరిసెలు తీసుకుని, గేటెత్తాడు.

తలకోన చేరేసరికి మధ్యాహ్నం దాటింది. నీళ్లు సన్నగానే ఉన్నాయి. అయినా 270 అడుగుల బండ మీంచి జారుతూ, గాలికి పక్కకు పోయి, మళ్లీ బండను అంటుకుంటుంటే చూస్తూ కూర్చోవచ్చు. బాయ్ చూడలేదు. కింద చెట్లకు అల్లుకున్న గిల్లతీగ దగ్గర నిలబడి, “ఇంత లావు తాడు మన దగ్గరుంటే లారీనైనా లాగొచ్చు” అన్నాడు. రాత్రి నెరబైలులో ఒక ఇంటి వసారాలో రాగిసంగటి, నాటుకోడి పులుసు, మనిషికి నూట ఎనభై. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోసిందామె. నెయ్యికి విడిగా డబ్బులడుగుతుందేమో అనుకున్నాను. అడగలేదు.

జనవరి 18, ఆదివారం: తప్పుదారి, చిన్నమ్మ ఇల్లు, మదనపల్లె

పొద్దున్నే మంచు. పీలేరు రోడ్డుకు అడ్డదారి ఉందని వసారా ఆమె కొడుకు చెప్పాడు. “చింతచెట్టు కాడ ఎడం పక్కకి.” చింతచెట్లు ఆరు వచ్చాయి. మేం మూడోదాని దగ్గర తిరిగాం. అర కిలోమీటరు పోయాక దారి బండ్లబాట అయింది, తర్వాత రాళ్లబాట, ఆ తర్వాత ఒక వంక గట్టు. వెనక్కి తిప్పే చోటు లేదు. ఎక్కితే మామిడితోట, తోట దాటితే తారురోడ్డు కనబడుతోంది.

ముందు చక్రాలు కలిపి, లో వేశాను. లో రాడ్డును బాయ్ రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. ముసిల్ది ముక్కు పైకెత్తి భలే ఎక్కింది. ఇంకో నాలుగడుగులుందనగా రాయి అడ్డమొచ్చి ఒక్క క్షణం యాక్సిలరేటర్ వదిలాను. టక్. రాడ్డు బాయ్ చేతుల్లోంచే దూకింది. వెనక్కి జారుతున్నాం. బ్రేకు తొక్కాను, వంక నీళ్లకు తడిసిన డ్రమ్ములు పట్టలేదు. హ్యాండ్ బ్రేకు లాగితే అప్పుడు ఆగింది. ఈ జీపులో హ్యాండ్ బ్రేకు చక్రాల్లో ఉండదు. ట్రాన్స్‌ఫర్ వెనక, షాఫ్టుకు పట్టే విడి డ్రమ్ము అది. చక్రాల బ్రేకులు తడిసినా అది పొడిగానే ఉంటుంది. ఈ ముక్క నాకు పుస్తకాల్లో తెలుసు. గట్టు మీద తెలిసినప్పుడు చొక్కా తడిసిపోయింది.

బాయ్ దూకి చక్రాల వెనక రాళ్లు పెట్టాడు. శబ్దానికి తోటాయన వచ్చాడు. ఎవరు, ఏ ఊరు, ఎందుకొచ్చినారు అని ఏమీ అడగలేదు. “ఉండండి” అని పోయి ట్రాక్టరు తెచ్చాడు. లాగాక డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. “మా నాయనకి ఇట్లాంటి బండి ఉండె. రోడ్డు దాకా కూర్చోబెట్టుకో నా, చాలు” అన్నాడు. రోడ్డు దాకా అన్నవాడు పీలేరు దాకా వచ్చాడు. అక్కడ మా ఇద్దరికీ టీ కూడా ఆయనే ఇప్పించి, బస్సెక్కి వెనక్కి పోయాడు.

వాయల్పాడు పక్కన మా చిన్నమ్మ ఊరు. వస్తున్నామని ముందురోజు ఫోనులో చెప్పడమే నేను చేసిన తెలివైన పని. ఎందుకంటే జనవరిలో ఆ ఇంట్లో పితికిన పప్పు ఉంటుంది. అనపగింజలు రాత్రంతా నానబెట్టి, ఒక్కొక్క గింజా వేళ్లతో పితికి, పొట్టు తీసి, పచ్చికొబ్బరి మసాలాతో పులుసు పెడతారు. ఇద్దరాడవాళ్లు గంటన్నర కూర్చుంటే ఒక కుటుంబానికి సరిపోతుంది. ఊరికి కొత్త మనిషి కాబట్టి మొదటి వడ్డన బాయ్‌కే. “ఇంకొంచెం వేసుకో బాయన్నా, చలికాలం పోతే మళ్లీ దొరకదు” అని మూడుసార్లు వేసింది. నాకు రెండుసార్లు. లెక్క పెట్టుకున్నాను.

చిన్నమ్మ జీపు చుట్టూ తిరిగి చూసి, “ఇంత ఖర్చు పెట్టినావు, తలుపులు పెట్టించలేదేమి రా?” అంది. ఒరిజినల్‌గా ఉండవు చిన్నమ్మా అంటే, “ఒరిజినల్‌గా మన ఇంట్లో కరెంటు కూడా లేదు” అంది.

మదనపల్లెలో రాత్రి వణికించే చలి. హార్స్‌లీ కొండ ఎక్కుదామనుకున్నది ఆ గట్టు మీద జరిగినదాంతో విరమించాం.

జనవరి 19, సోమవారం: టమోటా మార్కెట్టు, పుంగనూరు

ఐదున్నరకే మార్కెట్టుకు పోయాం. ప్లాస్టిక్ క్రేట్ల గోడల మధ్య సందుల్లో వేలంపాట. పాడేవాళ్ల నోళ్లలోంచి మాటలతోపాటు ఆవిరి వస్తోంది. ఒక మూల మూడు పాత జీపులు, మూడూ ముఖమంతా మారిపోయి ఉన్నాయి. ఒకదానికి చాసిస్ కోసి రెండడుగులు పొడుగు చేశారు, ఒకదానికి వెనక లారీ కమాన్లు. రేడియేటర్ ముందు జాలీలో నిలువు సందులు లెక్కపెట్టాను, ఏడు. నాకు అదో అలవాటు. యుద్ధకాలం నాటి రేకు జాలీకి తొమ్మిది ఉంటాయి, తర్వాత మామూలు జనం కోసం చేసిన సీజే జీపులకు ఏడు. రంగేసి నక్షత్రం దించి ‘రెండో ప్రపంచ యుద్ధం బండి’ అని ఐదారు లక్షలు చెప్పేవాళ్లు మన వైపూ బయలుదేరారు. డబ్బు తీసే ముందు సందులు లెక్కపెట్టండి. వెనక తెరుచుకునే తలుపు ఉందా చూడండి. ఉంటే అది యుద్ధానికి పోయిన బండి కాదు.

ఆ జీపుల డ్రైవర్లలో ఒకాయన మా బానెట్టు ఎత్తమన్నాడు. చూసి నవ్వాడు. “పెట్రోలా! ఏం నా, కలెక్టరా నువ్వు?” లీటరుకు ఎంతిస్తుందన్నాడు. ఏడు, ఎనిమిది అన్నాను. తలుపులూ లేని కలెక్టరు అని పక్కవాళ్లకు చెప్పాడు. మార్కెట్టు బయట ఎర్రకారం దోశ తిన్నాం, నలభై. ఆ కారానికి చలి పోయింది.

పుంగనూరు గుజిరీ అంగడి ఊరి బయట, ఒక చింతచెట్టు కింద. యజమానికి నలభై ఏళ్లుంటాయి. ట్రాన్స్‌ఫర్ కేసు గోనెసంచి మీద పెట్టి ఉంచాడు. బాయ్ మూత తీసి, వేలితో పళ్లన్నీ తడిమి, వెలుతురుకు తిప్పి చూశాడు. పళ్లు బాగున్నాయి. ధర తొమ్మిది వేలన్నాడు. బాయ్ నాలుగన్నాడు. మధ్యలో టీలు, ఎవరి పిల్లలు ఏం చదువుతున్నారు, ఈసారి మామిడి పూత ఎట్లుంది. ఆరున్నర దగ్గర తెగింది. డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాను. కేసును ఇద్దరం మోసి జీపులో పడేశాం.

చెట్టు మొదట్లో ఇత్తడి ఏరుతూ ఒక ముసలాయన కూర్చున్నాడు. అప్పటిదాకా తల కూడా ఎత్తలేదు. “దేనికప్పా అది?” అన్నాడు. లో గేరు దూకుతోందన్నాను. “స్ప్రింగు చూసినారా?”

బాయ్ ముఖం చూడాల్సింది.

ముసలాయన లేచి, పానా ఒకటి అడిగి, జీపు కిందికి దూరాడు. ట్రాన్స్‌ఫర్ ముందు భాగంలో పక్కల ఒక్కో చిన్న బిరడా ఉంది. విప్పితే లోపల స్ప్రింగు, దాని వెనక ఇనప గోళీ. గేరు పడ్డప్పుడు రాడ్డు గాడిలో ఈ గోళీ కూర్చుంటుంది, స్ప్రింగు దాన్ని నొక్కి పడుతుంది. లో వైపు స్ప్రింగు కుదించుకుపోయి అందులో పస లేదు. ఆయన తన తుక్కులోనే వెతికి చిన్న వాషరు ఒకటి తీసి, స్ప్రింగు వెనక వేసి, బిరడా బిగించాడు. పావుగంట కూడా పట్టలేదు.

ఆయన ఒకప్పుడు చౌడేపల్లె, బోయకొండ రూట్లో జీపు తోలాడట. బోయకొండ గంగమ్మకు మొక్కుకున్నవాళ్లు మేకలతో సహా ఎక్కేవాళ్లు. “ముందర అంతా పెట్రోలు బండ్లే. డీజిలు చవక అని నేనే శానా బండ్లకు ఈ ఇంజన్లు పీకినా. తూకానికి ఏసినాం” అన్నాడు నా ఇంజను మీద చెయ్యి వేసి. నేను రెండేళ్లు వెతికినదాన్ని ఈయన కిలోల్లెక్కన అమ్మాడు. కోపం రావాలి కదా, రాలేదు. ఆ డీజిల్ ఇంజన్లే పెట్టకపోయి ఉంటే ఈ జీపులన్నీ ఎప్పుడో ఇదే చెట్టు కిందికి వచ్చి ఉండేవి. నాది కూడా.

యజమాని వైపు చూశాను. “అమ్మిన సరుకు వాపసు లేదు నా” అన్నాడు, నేను నోరు తెరవకముందే. ముసలాయనకు రెండొందలిస్తే యాభై తీసుకుని మిగతాది జేబులో కుక్కి పంపాడు.

ఊరి బయట ఒక చెరువు కట్ట మీదికి ఎక్కించి చూశాం. లో నిలబడింది. యాక్సిలరేటర్ వదిలాను, నిలబడింది. లో గేరు వేసి రివర్సులో ఎక్కిస్తే మాత్రం దూకింది. “పల్లు కూడా కొంచెం అరిగుంటాయి నాయనా, నేను చెప్తానే ఉండా కదా” అన్నాడు బాయ్. పొద్దున్నుంచి అప్పుడే మొదటిసారి నవ్వాడు. పలమనేరు చేరేదాకా స్ప్రింగు మాట నేనూ ఎత్తలేదు.

జనవరి 20, మంగళవారం: మొగిలి కనుమ, కాణిపాకం, ఇల్లు

మొగిలి కనుమ దిగడమంటే నాకు భయం. లారీలు వెనకాలే వస్తాయి. మా బండి బ్రేకులకు ఒకటే మాస్టర్ సిలిండర్, ఒకటే లైను. ఎక్కడ కారినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. తిరుమల కొండకు ఎప్పుడు తీసుకుపోతావని మా వీధిలో అందరూ అడుగుతారు. ఈ కారణానికే తీసుకుపోలేదు. స్వామి దగ్గరికి నడిచే పోతాను, శ్రీవారి మెట్టు దగ్గరే కదా. రెండో గేరులో, ఎడమ అంచున, హజార్డ్ లైట్లు లేవు కాబట్టి బాయ్ చెయ్యి బయటికి ఊపుతూ ఉంటే దిగాం. కింద మొగిలి గుడి దగ్గర ఆగి డ్రమ్ములు ముట్టుకుంటే కాలాయి.

చిత్తూరులో ఆగలేదు. కాణిపాకంలో మాత్రం వాహన పూజ చేయిద్దామనిపించింది. మాకు ముందు వరసలో మూడు కొత్త కార్లు, రిబ్బన్లు కూడా విప్పలేదు. పూజారి మా దగ్గరికొచ్చి, “కొత్త బండేనా?” అని అడగబోయి ఆగిపోయాడు. నిమ్మకాయలు నాలుగు చక్రాల కింద పెట్టి, ఈ బండికి ఎన్ని పూజలయ్యాయో అన్నాడు. బాయ్ ఎదురుగా టీ అంగట్లో కూర్చుని, ముందుకు తోలమని చెయ్యి ఊపాడు. నిమ్మకాయలు చిట్లాయి. బండి లో గేరులో లేదు కాబట్టి ఏమీ దూకలేదు.

లోపల వరసలో నిలబడి ఉంటే ఒక ఆలోచన వచ్చింది. ట్రాన్స్‌ఫర్ కేసు ఎంతైందని ఇంట్లో అడుగుతారు. రెండు వేలని చెబుదామని పుంగనూరు నుంచీ అనుకుంటున్నాను. కానీ ఇది ప్రమాణాల దేవుడి గుడి. ఊళ్లలో తగాదా తెగకపోతే ఇక్కడికొచ్చి ప్రమాణం చేయమంటారు, అబద్ధమాడినవాడు గుడిదాకా రాకుండానే ఒప్పుకుంటాడంటారు. పది అడుగుల దూరంలో స్వామి ఉండగా అబద్ధానికి లెక్కలు వేసుకోవడం బాగోలేదనిపించి, దణ్ణం పెట్టుకుని ప్రసాదం కొనుక్కుని బయటపడ్డాను.

పూతలపట్టు, పాకాల దాటి, సాయంత్రానికి తిరుపతి. స్పీడోమీటరు తీగ తెగి ఏడాదైంది, అందుకని ఎంత తిరిగామో సరిగ్గా చెప్పలేను. మూడొందల పైమాటే. పెట్రోలు ఐదు వేల చిల్లర. బాయ్‌ని ఆయన షెడ్డు దగ్గర దింపితే, “రివర్సు సంగతి ఆదివారం చూద్దాం” అన్నాడు.

ఇంటి ముందు టార్పాలిన్ ఎత్తితే పాత నూనె కారి నా బట్టల సంచీ అంతా తడిసింది. ప్రసాదం మాత్రం ముందు సీటులో పెట్టుకున్నాను కాబట్టి బతికింది. ఆ ప్రసాదం చేతికిచ్చి, ఆరున్నర వేలని నేనే చెప్పేశాను. మా ఆవిడ కళ్లకద్దుకుని ఒక ముక్క నోట్లో వేసుకుంది.

“కాణిపాకం పోయొచ్చినావు కాబట్టి నిజం చెప్పినావు. ఇంజను ఎంతకు కొన్నావో కూడా ఇప్పుడే చెప్పెయ్.”